స్కార్పియో-ఎన్ బుక్ చేసి సఫారీ తీసుకున్న కుటుంబం: కొరత కాలంలో బండి ఎంపికపై ఒక కేస్ స్టడీ

బండి కొనేవాళ్ల తరఫున కొటేషన్లు, లోన్ కాగితాలు, ట్యాక్స్ లెక్కలు చూసిపెట్టడం నా పని. ఈ కేసు 2022 ఆగస్టు రెండో వారంలో నా దగ్గరికి వచ్చింది. ఖమ్మంలో ఎరువులు, విత్తనాల వ్యాపారం చేసే కుటుంబం. ఆయన, టీచర్‌గా పనిచేసే భార్య, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో బాధపడే డెబ్బై ఏళ్లు దాటిన అమ్మ. హైదరాబాద్ ప్రయాణమంటే డ్రైవర్‌తో కలిపి ఆరుగురు.

మహీంద్రా స్కార్పియో-ఎన్ బుకింగ్‌లు ఆ ఏడాది జూలై 30న ఉదయం 11 గంటలకు మొదలయ్యాయి. ఇంట్లో పెద్ద కొడుకు ఫోన్ పట్టుకుని కూర్చుని, 21 వేలు కట్టి అందులో జెడ్8 అనే వేరియంట్ డీజిల్ మాన్యువల్ బుక్ చేశాడు. వేరియంట్, రంగు మార్చుకోవడానికి ఆగస్టు 15 వరకు కంపెనీ గడువిచ్చింది. దానిపై వేరియంట్ జెడ్8-ఎల్‌కు మారితే బండి ముందుగా వస్తుందని విన్నారు. మారాలా, ఉన్నదానితోనే ఆగాలా, అసలు వేరే బండికి వెళ్లాలా అన్నది వాళ్ల ప్రశ్న. గడువు ఇంకా కొద్ది రోజులే ఉండటంతో ఇంట్లో అందరికీ టెన్షన్.

కొరత ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే లెక్క అర్థమవుతుంది. 2020లో లాక్‌డౌన్ పడగానే కార్ల కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు తగ్గించుకున్నాయి. ఆ సరుకు ల్యాప్‌టాప్‌లకు, ఫోన్లకు వెళ్లిపోయింది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుఫానుకు ఆస్టిన్‌లోని చిప్ ఫ్యాక్టరీలు ఆగాయి. మార్చిలో జపాన్‌లోని రెనెసాస్ కంపెనీ నాకా చిప్ ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగింది. తర్వాత మలేసియాలో కరోనా ఆంక్షలు. ఆ దెబ్బకు 2021 సెప్టెంబరులో మారుతి ఉత్పత్తి మామూలులో 40 శాతం దగ్గరకు పడిపోతుందని కంపెనీయే ప్రకటించింది. 2022 నాటికి పరిస్థితి కొంత మెరుగుపడినా, రెండేళ్లుగా కొనకుండా ఆగినవాళ్లంతా ఒకేసారి షోరూమ్‌లకు వచ్చారు. అందులోనూ అందరూ ఎస్‌యూవీలే అడిగారు.

ఇలాంటప్పుడు చాలామంది ముందు బండి ఎంచుకుని, తర్వాత "ఎప్పుడిస్తారు?" అని అడుగుతారు. నేను వరస మారుస్తాను. వచ్చే ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో మారని విషయాలేమిటి? ఇప్పుడున్న బండి ఎప్పటిదాకా లాగుతుంది? ఈ రెండూ కాగితం మీద పెట్టాకే షోరూమ్‌కు వెళ్లాలి. కొరత కాలంలో మనం ఎంచుకునేది బండిని ఒక్కదాన్నే కాదు. బండిని, వేరియంట్‌ను, అది చేతికొచ్చే నెలను కలిపి ఎంచుకుంటాం. ఆ మూడింటిలో దేన్ని విడిగా చూసినా లెక్క తప్పుతుంది.

వాళ్ల పాత బండి 2008 ఇన్నోవా. రిజిస్ట్రేషన్ గడువు 2023 ఫిబ్రవరితో ముగుస్తుంది. ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లు పొడిగించుకోవచ్చు గానీ, పదిహేనేళ్లు దాటిన కార్ల ఆర్‌సీ రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. దానిపైన పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్. బండికి సస్పెన్షన్ పని, టైర్లు కూడా ఉన్నాయి. అంటే ఫిబ్రవరి అనేది ఉరిమి మీద పడే గడువు కాదు, డబ్బు పెడితే దాటగలిగే గడువు. ఈ తేడా ముఖ్యం. పాత బండి సాగదీయగలిగితే షోరూమ్ వాళ్ల తొందరకు లొంగాల్సిన పనిలేదు.

తర్వాత వాడకం. "మేం ఏడుగురం వెళ్తుంటాం" అని దాదాపు ప్రతి ఇంట్లోనూ అంటారు. నేను ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తెరిపిస్తాను. ఏడాదిలో ఏ టోల్ ఎన్నిసార్లు దాటారో అందులో ఉంటుంది. ఆ తేదీలు చూస్తుంటే ఎవరెవరు ఎక్కారో ఇంట్లోవాళ్లకే గుర్తొస్తుంది. వీళ్ల విషయంలో తేలింది ఇదీ: సూర్యాపేట మీదుగా హైదరాబాద్‌కు నెలకోసారి ఆరుగురు, సామానుతో. మిగతా రోజుల్లో ఆయన ఒక్కరే, లేదా ఒక గుమాస్తాతో భద్రాచలం, బూర్గంపాడు వైపు డీలర్ల దగ్గరికి. ఆ జూలైలోనే గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. వరద తీశాక ఆ వైపు రోడ్లు ఎలా ఉన్నాయో ఆయనకు నేను చెప్పాల్సిన పనిలేదు. కాబట్టి మూడో వరస సీట్లు కావాలి గానీ పిల్లలు కూర్చునేందుకే. సామాను స్థలం కావాలి. అడుగు భాగం ఎత్తుగా ఉండాలి. డీజిల్ కావాలి. మేలో 45 డిగ్రీల దాకా వెళ్లే ఊళ్లో వెనక కూర్చునే పిల్లలకు ఏసీ గాలి అందాలి.

మిగిలింది అమ్మగారి మోకాళ్లు. ఆమెను తీసుకురాకుండా నిర్ణయం వద్దని పట్టుబట్టాను. ఒక ఆదివారం బయల్దేరి వరసగా షోరూమ్‌లు తిరిగాం. ఎత్తైన ఎస్‌యూవీ వెనక తలుపు తీసి కొడుకు చెయ్యి పట్టుకుంటే ఆమె ఎక్కేసింది. సేల్స్ కుర్రాడు "చూశారా అన్నా, ఇబ్బందే లేదు" అన్నాడు. ఆమె సీట్లో సర్దుకుని, "ఎక్కడం సరే బిడ్డా, దిగేటప్పుడు కాలు నేలకు అందాలి గదా" అంది. దిగమన్నాం. తలుపు అంచు పట్టుకుని, వెనక్కి తిరిగి, కాలితో గాల్లో నేల కోసం వెతుక్కుంది. చీర కుచ్చిళ్లు అంచుకు తట్టుకున్నాయి. ఆమె వెంటనే తేల్చేసింది: ఏ బండైనా పక్కన మెట్టు ఉండాలి, తను ముందు సీట్లోనే కూర్చుంటుంది, డ్రైవర్ ఉన్నా లేకపోయినా. ముందు సీటుకు పైనుంచి పట్టుకునే హ్యాండిల్ ఉంది, తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది, కింద మెట్టు బిగిస్తే కాలు ఆనుతుంది. బ్రోచర్‌లో ఏ పేజీలోనూ దొరకని సమాచారం ఇది. ముసలివాళ్లున్న ఇంటివాళ్లు టెస్ట్ డ్రైవ్‌కు వెళ్తే బండి నడపడం కంటే ముందు, పెద్దవాళ్లను ఎక్కించి దించి చూడండి.

అక్కడితో జాబితా సన్నబడింది. ఆయన మనసులో మొదట ఉన్నది ఇన్నోవా క్రిస్టా డీజిల్. ఎక్కడానికీ దిగడానికీ అదే సుఖం. కానీ ఆ ఆగస్టులోనే టయోటా డీజిల్ క్రిస్టా బుకింగ్‌లు ఆపేసింది. కియా కారెన్స్ మన పెనుకొండ ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. ఎత్తు తక్కువ, మూడో వరసకు ఏసీ ఉంది, సీట్లన్నీ వేసినా 216 లీటర్ల డిక్కీ ఉంటుంది. అమ్మగారికి అన్నిటికంటే నచ్చింది అదే. కాకపోతే బండిని ఢీకొట్టించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఆ జూన్‌లో దానికి 5కి 3 స్టార్లే వచ్చాయి. రాత్రిపూట హైవే మీద లారీల మధ్య తిరిగే కుటుంబానికి అది నాకు మింగుడుపడలేదు. భద్రాచలం వైపు రోడ్లకు ఆయనా ఒప్పుకోలేదు. మహీంద్రాదే ఎక్స్‌యూవీ700కు 2021 నవంబరులోనే 5 స్టార్లు వచ్చాయి. బండిగా నా ఓటు దానికే. మరి క్యూ?

క్యూ విషయంలో షోరూమ్ చెప్పే "ఆరు నుంచి ఎనిమిది నెలలు సార్" అనే మాటను నేను లెక్కలోకి తీసుకోను. రెండే ప్రశ్నలు అడుగుతాను. ఇదే వేరియంట్, ఇదే ఇంజన్, ఇదే గేర్‌బాక్స్‌కు మీ దగ్గర మాకంటే ముందు ఎంతమంది ఉన్నారు? గత రెండు నెలల్లో ఇవే బండ్లు మీకు నెలకు సగటున ఎన్ని వచ్చాయి? మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే నిజమైన గడువు నెలల్లో వస్తుంది. జవాబు చెప్పని షోరూమ్ కూడా ఏదో చెప్పినట్టే. ఎక్స్‌యూవీ700 ఏడు సీట్ల డీజిల్‌లో మేం అడిగిన రకానికి ముందున్నవాళ్లు ముప్పై మందికి పైనే, నెలకు వచ్చేవి రెండో మూడో. అంటే ఏడాది. దాని పై వేరియంట్లైన ఏఎక్స్7 రకాలకు దేశమంతటా ఏడాది దాటిపోయింది. ఆ బండికి మొదటి రోజు 57 నిమిషాల్లో 25 వేల బుకింగ్‌లు పడ్డాయి మరి.

పై వేరియంట్‌కు చిప్‌లు ఎక్కువ కావాలి కాబట్టి కింది వేరియంటే ముందు వస్తుందని కొందరంటారు. లాభం ఎక్కువ కాబట్టి కంపెనీ పై వేరియంట్‌నే ముందు తయారుచేస్తుందని ఇంకొందరంటారు. రెండూ జరుగుతాయి. ఎక్స్‌యూవీ700లో ఎక్కువ ఆలస్యం పై రకాలకే. స్కార్పియో-ఎన్‌లో జెడ్8-ఎల్‌కు తొలి ప్రాధాన్యం అని కంపెనీయే చెప్పింది. అందుకని సూత్రాలు నమ్ముకోకుండా ఒక్కో రకానికీ విడిగా అడగాలి. రంగు కూడా అంతే. తెలుపుకు, ఎరుపుకు మధ్య రెండు నెలల తేడా ఉండటం ఆ రోజుల్లో మామూలు.

స్కార్పియో-ఎన్‌కు ఆ భాగహారం కుదరదు, ఎందుకంటే డెలివరీలే ఇంకా మొదలుకాలేదు. కానీ బయట ప్రకటించిన అంకెలు చాలు. మొదటి నిమిషంలో 25 వేలు, అరగంటలో లక్ష బుకింగ్‌లు. సెప్టెంబరు 26న డెలివరీలు మొదలుపెట్టి డిసెంబరుకల్లా 20 వేలకు పైగా బండ్లు ఇస్తామన్నారు, అదీ జెడ్8-ఎల్ ముందు. పెద్ద కొడుకు బుకింగ్ రసీదు తెరిచి చూస్తే టైమ్ 11:19. అప్పటికి లైన్లో ఎన్ని వేలమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. జెడ్8లోనే ఆగితే 2023 ద్వితీయార్ధం దాకా ఆశ పెట్టుకోకూడదని రాసిచ్చాను. రిజిస్ట్రేషన్ గడువు ముగిసే ఫిబ్రవరి అప్పటికి ఎప్పుడో దాటిపోతుంది.

ఇక జెడ్8-ఎల్‌కు మారడం సంగతి. ప్రారంభ ధర ప్రకారం జెడ్8 డీజిల్ మాన్యువల్ 17.49 లక్షలు, జెడ్8-ఎల్ 19.49 లక్షలు. రెండు లక్షల తేడా పైకి కనిపించేది. కనిపించనిది వేరే ఉంది. ప్రారంభ ధర మొదటి 25 వేల బుకింగ్‌లకే. అవి మొదటి నిమిషంలోనే అయిపోయాయి. 11:19 బుకింగ్‌కు డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది. తెలంగాణలో బండి రిజిస్ట్రేషన్‌కు ఒకేసారి కట్టే లైఫ్ ట్యాక్స్ శ్లాబులు 2022 మేలో మారాయి. అప్పటి లెక్కలో 10 లక్షల నుంచి 20 లక్షల దాకా 17 శాతం, 20 లక్షలు దాటితే 18 శాతం. ఆ 18 శాతం పైన ఉన్న కాస్త మొత్తానికి కాదు, బండి మొత్తం ధర మీద.

ఆయన ముందు ఈ లెక్క వేసి చూపించాను. 19.49 లక్షలకు 17 శాతం అంటే 3,31,330. కంపెనీ ధర 60 వేలు పెంచిందనుకోండి, 20.09 లక్షలు అవుతుంది. దానికి 18 శాతం 3,61,620. ట్యాక్స్ ఒక్కటే 30 వేల పైచిలుకు పెరిగింది. కంపెనీ పెంచింది 60 వేలు, ఈయన జేబులోంచి పోయేది 90 వేలు. క్యూలో నిలబడేవాళ్లలో ఈ లెక్క వేసుకునేవాళ్లు నాకు చాలా తక్కువగా కనిపిస్తారు. 20 లక్షల గీతకు దగ్గర్లో ఉన్న బండిని ధర తేలకుండా బుక్ చేయడం నాకు అసలు ఇష్టం ఉండదు.

వడ్డీ కూడా నిలకడగా లేదు. రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని రెపో రేటు అంటారు, అది ఆ ఏడాది మే మొదట్లో 4 శాతం. మే 4న 4.40, జూన్ 8న 4.90, ఆగస్టు 5న 5.40. బ్యాంకు ఇచ్చిన శాంక్షన్ లెటర్ చూసుకుని చాలామంది నిశ్చింతగా ఉంటారు. శాంక్షన్‌కు కాలపరిమితి ఉంటుంది, వడ్డీ ఖరారయ్యేది డబ్బు విడుదలైన రోజు. 12 లక్షల లోన్‌ను ఏడేళ్లకు తీసుకుంటే, 7.5 శాతం దగ్గర ఈఎంఐ సుమారు 18,400. 9 శాతమైతే 19,300. నెలకు 900, మొత్తం మీద 75 వేల రూపాయలు. ఏడాది వేచి ఉంటే రేటు అటో ఇటో ఎటైనా వెళ్లొచ్చు, కానీ ఆ ఆగస్టులో దిగుతుందని చెప్పినవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు.

డబ్బు పక్కన పెట్టినా స్కార్పియో-ఎన్ వీళ్లకు సరిపోదని నాకు అనిపించడానికి కారణం వెనక సీట్లు. మూడో వరసకు విడిగా ఏసీ వెంట్‌లు లేవు. ఆ సీట్లు వేస్తే సామానుకు చోటే మిగలదు. మంచి బండి కాదని కాదు. ఆ డిసెంబరులో దానికి గ్లోబల్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు వచ్చాయి, ఘాట్ రోడ్లలో తిరిగేవాళ్లకు నేనే ఎన్నోసార్లు సిఫారసు చేశాను. కానీ ఖమ్మం ఎండలో నెలనెలా ఇద్దరు పిల్లలను వెనక కూర్చోబెట్టి నాలుగు గంటలు తీసుకెళ్లే ఇంటికి అది కాదు. ఈ మాట చెప్పినప్పుడు బుక్ చేసిన కుర్రాడి ముఖం చిన్నబోయింది. "అంకుల్, వెయిట్ చేస్తే చేద్దాం, పర్లేదు" అన్నాడు. వాడి ఇష్టాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. అందుకే బుకింగ్ రద్దు చేయమనలేదు. అడ్వాన్స్ వెనక్కి వచ్చేదే, వేరియంట్ కూడా మార్చకుండా అలాగే ఉంచమన్నాను.

అలా మిగిలింది టాటా సఫారీ. 2 లీటర్ల 170 పీఎస్ డీజిల్, మూడో వరసకు ఏసీ, ఆ సీట్లు మడిస్తే చాలినంత చోటు. అన్నీ వేస్తే డిక్కీ చిన్నదే, అందుకని పైన క్యారియర్ బిగించాలనుకున్నాం. భాగహారం చేస్తే తెలుపు రంగులో మేం అడిగిన వేరియంట్‌కు నెలా నెలన్నర. దసరా అక్టోబరు 5న. పండగకు ముందే బండి ఇంటికొస్తుందంటే అమ్మగారి ముఖంలో వెలుగొచ్చింది.

దాని లోపాలనూ అదే కాగితం మీద రాశాను. అప్పటికి సఫారీకి గ్లోబల్ ఎన్‌క్యాప్ రేటింగ్ లేదు. కింది వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు తక్కువ, అందుకని సన్‌రూఫ్ ఉందా లేదా అన్నది చూడకుండా ఆరు ఎయిర్‌బ్యాగులున్న రకానికే వెళ్దామన్నాను. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. మార్కెట్ మొత్తం క్యూలో ఉన్నప్పుడు ఒక బండి త్వరగా దొరుకుతోందంటే దానికో కారణం ఉంటుంది. ఆ డిజైన్ 2021 ఫిబ్రవరిలో వచ్చింది. హ్యారియర్‌తో కలిపి చూస్తే ఇంకా పాతది. ఏడాది, ఏడాదిన్నరలో కొత్త రూపం రావచ్చు, వస్తే రీసేల్ విలువ తగ్గుతుంది. ఎనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లకు ఆ దెబ్బ చిన్నది, నాలుగేళ్లకే మార్చేవాళ్లకు పెద్దది. "పోయిన బండి పద్నాలుగేళ్లు నడిపాను, దీన్ని ఎనిమిదేళ్లు నడపలేనా" అన్నారాయన. పక్కనే సంతకం చేయించుకున్నాను.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తీసుకున్నాం. అడ్వాన్స్‌ను సేల్స్ కుర్రాడి ఫోన్‌పేకు కాకుండా డీలర్‌షిప్ ఖాతాకే పంపి రసీదు తీసుకున్నాం. వేరియంట్, రంగు, క్యూలో వరస నంబరు, రద్దు చేస్తే ఎన్ని రోజుల్లో డబ్బు తిరిగిస్తారో ఆ రసీదు మీదే రాయించాం. మేం తిరిగిన ఒకచోట, 60 వేల యాక్సెసరీలు తీసుకుంటే బండి ముందుకు జరుపుతామన్నారు. అదే మాట మెయిల్‌లో పెట్టమంటే ఆ ఊసే ఎత్తలేదు. అక్కడి నుంచి వచ్చేశాం.

పాత ఇన్నోవా సంగతి ట్యాక్స్‌తో ముడిపడింది. తెలంగాణలో ఒక వ్యక్తి పేరు మీద ఇప్పటికే కారుంటే రెండో కారుకు లైఫ్ ట్యాక్స్ 2 శాతం అదనం. 18 లక్షల బండికి అది 36 వేలు. ఇన్నోవాను ముందుగా అమ్మి, కొన్నవాళ్ల పేరు మీదకు ఆర్‌సీ మారిందని ఆన్‌లైన్‌లో చూసుకున్నాకే కొత్తది రిజిస్టర్ చేయించాం. క్రిస్టా బుకింగ్‌లు ఆగిపోవడంతో పాత ఇన్నోవాలకు గిరాకీ పెరిగింది. షోరూమ్ ఎక్స్‌ఛేంజ్‌లో చెప్పిన ధర కంటే బయటి ట్రావెల్స్ అతను బాగా ఎక్కువ ఇచ్చాడు. కొత్త బండ్లకు కొరత ఉన్నప్పుడు పాతవాటికి ధర పెరుగుతుంది, ఆ లాభాన్ని ఎక్స్‌ఛేంజ్ పేరుతో షోరూమ్‌కు వదిలేయకూడదు. పాత పాలసీ మీద ఉన్న నో క్లెయిమ్ బోనస్‌ను, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపును, సర్టిఫికెట్ తీసుకుని కొత్త ఇన్సూరెన్స్‌కు మార్పించాం. దాన్ని మర్చిపోయేవాళ్లు ఎందరో.

డెలివరీ రోజున డీలర్ ఇచ్చే అమ్మకపు సర్టిఫికెట్ ఫారం 21లో తయారీ నెల, సంవత్సరం చూశాను. ఎవరో రద్దు చేసుకున్న బండి నెలల తరబడి యార్డులో ఎండకు ఎండి మన చేతికి రావడం కొరత కాలంలో కూడా జరుగుతుంది. ఇది కొత్త తయారీయే. పక్కమెట్లు బిగించాకే తాళాలు తీసుకున్నాం. అమ్మగారు ముందు సీట్లోంచి దిగి చూపించాకే డబ్బులో చివరి భాగం కట్టాం. బండి సెప్టెంబరు చివరి వారంలో ఇంటికొచ్చింది, లోన్ కూడా అప్పుడే విడుదలైంది. 30న రెపో 5.90కి వెళ్లింది. తర్వాతి ఫిబ్రవరికి 6.50.

2023 జనవరిలో స్కార్పియో-ఎన్ బేస్ ధర 11.99 లక్షల నుంచి 12.74 లక్షలకు పెరిగింది. వాళ్ల జెడ్8 వంతు ఇంకా రాలేదు. ఆ తర్వాత కొద్దిరోజులకు కుర్రాడే వచ్చి రద్దు చేయిద్దామన్నాడు. 21 వేలూ తిరిగొచ్చాయి.

2023 అక్టోబరులో సఫారీ కొత్త రూపంలో వచ్చింది, 5 స్టార్ల రేటింగ్‌తో సహా. ఆయన ఫోన్ చేశారు. కోపంగా కాదు, పాతదానికి ఇప్పుడు ఎంత వస్తుందో తెలుసుకోవాలని. నేను రెండుచోట్ల కనుక్కుని చెప్పాను. ఏడాది పాతబడిన బండికి మామూలుగా తగ్గే దానికంటే ఇంకొంచెం ఎక్కువ తగ్గింది. ఎంతో చెప్పాక, "సరే, మనం రాసుకున్నదే కదా. ఇంతకీ సర్వీస్ ఎక్కడ చేయించమంటావు, ఖమ్మంలోనా, సూర్యాపేటలోనా?" అని అడిగారు.